చలనమా, అన్వేషణా? – బ్యాక్టీరియాపై సూక్ష్మమోటార్ల పరిశోధన: భాషాపరమైన విమర్శ

వ్యాససంగ్రహం

మందులకు లొంగని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి, తమంతట తాము కదిలే సూక్ష్మపరికరాలను రూపొందించే పరిశోధన రెండు దశాబ్దాలుగా సాగుతోంది. ఈ పరికరాలను శాస్త్రవేత్తలు ‘మోటార్లు’ అనీ, ‘రోబోలు’ అనీ, ‘స్వతంత్ర చికిత్సా సాధనాలు’ అనీ పిలుస్తున్నారు. ఈ పేర్లలో మూడు వేర్వేరు ప్రతిపాదనలు కలిసిపోతున్నాయి: పరికరం కదులుతుంది, రోగస్థానాన్ని వెతుకుతుంది, బ్యాక్టీరియాను చంపుతుంది. మొదటిదానికి గట్టి ఆధారాలున్నాయి. రెండోదానికి ఈ వ్యాసం పరిశీలించిన ప్రయోగాలలో ఆధారం కనిపించదు. మూడోది చాలా సందర్భాల్లో పరికరం మోసుకెళ్ళే పాత మందు చేసే పని. తెలుగు క్రియాపదాలలోని అకర్మక, ప్రేరణార్థక భేదం ఈ మూడింటినీ విడదీసి చూడటానికి పనికివస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రచురిత ప్రయోగాలను ఆ కొలమానంతో పరిశీలించి, తెలుగు విజ్ఞానరచనలో వీటికి ఎలాంటి పేర్లు తగినవో చర్చిస్తుంది.

కీలక పదాలు: సూక్ష్మమోటారు, సూక్ష్మజీవనాశక నిరోధకత, బయోఫిల్మ్, పారిభాషిక పదాలు, యుద్ధరూపకం, విజ్ఞానరచన.

1. ఉపోద్ఘాతం

సూక్ష్మజీవనాశక మందులకు బ్యాక్టీరియా లొంగకపోవడం వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది నేరుగా మరణించారనీ, అటువంటి ఇన్ఫెక్షన్లతో ముడిపడిన మరణాలు 49.5 లక్షలనీ 2022లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన అంచనా తెలిపింది. కొత్త యాంటీబయాటిక్‌లు అరుదుగా వస్తున్నాయి. ఉన్న మందులు కూడా చేరవలసిన చోటికి చేరవలసిన మోతాదులో చేరడం లేదు. ముఖ్యంగా బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురుపొర కట్టుకొని గుంపుగా జీవించే బయోఫిల్మ్‌లలోకి మందు చొచ్చుకుపోవడం కష్టం. పంటి వేరు లోపల, కృత్రిమ కీళ్ళ మీద, మూత్రనాళంలో అమర్చిన గొట్టాల మీద ఇటువంటి పొరలే చికిత్సకు పెద్ద అడ్డంకి.

మందు తనంతట తాను వ్యాపించే దాకా ఎదురుచూడకుండా, దానిని మోసుకెళ్ళే కణానికే చలనశక్తిని ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న నుంచి ఈ పరిశోధన బయలుదేరింది. ఊహకు ఇది కొత్త కాదు. 1959 డిసెంబరు 29న చేసిన ప్రసంగంలో రిచర్డ్ ఫైన్‌మన్, శస్త్రవైద్యుణ్ణే మింగేయవచ్చన్న తన మిత్రుడు ఆల్బర్ట్ హిబ్స్ ఆలోచనను ప్రస్తావించాడు. 1966లో వచ్చిన ‘ఫెంటాస్టిక్ వోయేజ్’ చలనచిత్రం, సూక్ష్మరూపం పొందిన జలాంతర్గామిని మనిషి రక్తనాళాల్లోకి పంపింది. అంటే ప్రయోగశాలలో వస్తువు తయారుకాకముందే దాని కథ సిద్ధమై ఉంది. ఆ కథలో నావ ఉంది, నావికుడున్నాడు, గమ్యం ఉంది. తరువాత వచ్చిన వస్తువులో నావ ఉంది. నావికుడున్నాడా అన్నదే ఈ వ్యాసం వేసే ప్రశ్న.

విజ్ఞానశాస్త్ర ఫలితాలను తిరిగి కొలవడం ఈ వ్యాసం పరిధిలోది కాదు. ఆ ఫలితాలను చెప్పే భాష వాటికి ఎంతవరకు కట్టుబడి ఉందో చూడటమే దీని ఉద్దేశం. ఈ పరికరాలకు తెలుగులో పేర్లు ఇంకా స్థిరపడలేదు. స్థిరపడేలోగానే ఈ విమర్శ అవసరం.

2. అల్పప్రమాణంలో చలనం

ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం ఈ రంగానికి పునాది వంటిది. బ్యాక్టీరియా ప్రమాణంలో నీరు మనకు తెలిసిన నీరులా ప్రవర్తించదని ఆయన వివరించాడు. అక్కడ జడత్వం పనిచేయదు. స్నిగ్ధతే రాజ్యం చేస్తుంది. మనం ఈత ఆపినా కొంతదూరం ముందుకు సాగుతాం. ఈదుతున్న బ్యాక్టీరియా తన కశాభాన్ని ఆపితే, ఆ తరువాత అది సాగే దూరం ఒక పరమాణువు వెడల్పు కూడా ఉండదు. ఆల్చిప్పలా తెరుచుకొని, అదే దారిలో మూసుకొనే కదలికతో అక్కడ ముందుకు పోవడం అసాధ్యం. ముందుకు పోయిన దూరమంతా వెనక్కు రావలసిందే. అందుకే బ్యాక్టీరియా మరమేకులా తిరిగే కశాభాన్ని వాడుకుంటుంది.

ఈ అడ్డంకిని మానవనిర్మిత కణం దాటగలదని 2004లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో అయూష్మాన్ సేన్, థామస్ మల్లూక్ బృందం చూపింది. ఒక కొన బంగారం, మరో కొన ప్లాటినం ఉన్న 2 మైక్రోమీటర్ల కడ్డీలను 2–3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలో వేస్తే, అవి సెకనుకు తమ పొడవుకు పదిరెట్ల దూరం వరకు కదిలాయి. బయటినుంచి ఏదీ వాటిని నెట్టలేదు. ద్రావణంలోని ఇంధనాన్ని విచ్ఛిన్నం చేస్తూ, ఆ చర్యతోనే అవి సాగాయి. ‘స్వయంచలనం’ అన్న మాటకు ఇక్కడ పూర్తి అర్హత ఉంది.

కానీ వాటికి దిశ లేదు. నీటి అణువుల నిరంతర తాకిడి వల్ల ఒక మైక్రోమీటరు వ్యాసం గల గోళం సుమారు ఒక సెకనులోనే తన ముఖం ఎటువైపు ఉన్నదో కోల్పోతుంది. ఇంజను పనిచేస్తూనే ఉంటుంది. దారి మాత్రం మారిపోతూ ఉంటుంది. ఈ చిక్కు బ్యాక్టీరియాకూ ఉంది. అయితే ఈ. కోలై ఒక సెకను పాటు సూటిగా ఈది, దొర్లి, మళ్ళీ దిశ మార్చుకుంటుంది. ఆహారం పెరిగే వైపు పోతున్నప్పుడు దొర్లడం తగ్గిస్తుంది. హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ 1972లో సూక్ష్మదర్శినితో వెంబడించి నిరూపించినది ఇదే. పరిసరాన్ని గ్రహించడం, కొద్దిసేపటి క్రితం ఉన్న స్థితితో పోల్చడం, ప్రవర్తన మార్చుకోవడం అన్న మూడూ కలిస్తేనే అన్వేషణ. ఈ నిర్వచనం ప్రకారం అన్వేషణ చేసేది బ్యాక్టీరియా. దానిని చంపడానికి మనం పంపిన కడ్డీ కాదు.

3. క్రియాపదాల పరీక్ష

పై భేదాన్ని గుర్తించడానికి తెలుగు వ్యాకరణంలోనే ఒక సాధనం ఉంది. ‘కదులు’ అకర్మకం. ‘కదుపు’ సకర్మకం. ‘కదిలించు’ ప్రేరణార్థకం. 1858 నాటి బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదం నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా విద్యార్థులు నేర్చుకొనే ఈ భేదం, కర్త ఎవరన్న ప్రశ్నను వాక్యంలో దాచిపెట్టనివ్వదు. ‘కణం కదిలింది’ అన్నా, ‘కణాన్ని కదిలించారు’ అన్నా దూరం ఒకటే. రెండో వాక్యంలో ఒక మనిషి ఉన్నాడు, అంతే తేడా.

ఈ రంగంలోని పరికరాలను ఈ కొలమానంతో మూడు తెగలుగా విభజించవచ్చు.

మొదటి తెగ, కదిలేవి. పరిసరంలోని రసాయనాన్ని ఇంధనంగా వాడుకొనే కణాలు ఇవి. ప్లాటినం–పెరాక్సైడ్ కడ్డీలు, ఆమ్లంతో చర్య జరిపే మెగ్నీషియం కణాలు, యూరియాను విడగొట్టే యూరియేజ్ ఎంజైము పూసిన కణాలు దీనికి ఉదాహరణలు.

రెండో తెగ, కదిలించబడేవి. అయస్కాంత క్షేత్రం, అతిధ్వని, కాంతి వంటి బాహ్యశక్తితో నడిచే కణాలు ఇవి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, అక్కడ పుట్టిన థెరానాటిలస్ అంకురసంస్థ 2022లో వెల్లడించిన దంతచికిత్సా ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. ఇనుము పూసిన సిలికా మరకణాలను అయస్కాంత క్షేత్రంతో పంటిలోని సన్నని దంతనాళికలలోకి 2,000 మైక్రోమీటర్ల లోతు వరకు పంపి, అక్కడ వాటిని వేడెక్కించి బ్యాక్టీరియాను చంపారు. పీకిన పళ్ళ నమూనాలపై ఈ పరీక్ష జరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హ్యున్ కూ, ఎడ్వర్డ్ స్టీగర్ తదితరులు 2019లో ప్రకటించిన ఐరన్ ఆక్సైడ్ కణాలూ ఈ తెగలోవే. అవి పెరాక్సైడ్ నుంచి స్వేచ్ఛారాడికల్స్ పుట్టించి బ్యాక్టీరియాను చంపుతాయి, జిగురుపొరను కరిగిస్తాయి. అయస్కాంతం ఆ శిథిలాలను ఊడ్చివేస్తుంది. ఇక్కడ గమ్యం తెలిసినది కణానికి కాదు, అయస్కాంతాన్ని నడిపేవారికి.

మూడో తెగ, మోసుకెళ్ళేలా చేయబడినవి. జీవించి ఉన్న శైవలాలకు మందు అంటించి పంపే ప్రయోగాలు ఇవి. చలనం జీవిది, ఉద్దేశం మనిషిది.

ఈ మూడు తెగలలో దేనికీ ‘వెతుకు’ అన్న క్రియ నప్పదు. ‘వెతుక్కుంటూ వెళ్ళింది’ అన్న ప్రయోగం మరింత నప్పదు. ‘కొను’ చేరిన క్రియ తనకోసం తాను చేసుకొనే పనిని చెబుతుంది. ‘వేటాడు’ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఈ రంగం గురించి రాసేవారికి మొదట తట్టే క్రియలు ఇవే. చుట్టూ ఉన్న ఆమ్లత్వ భేదాన్నో, రసాయన సాంద్రతా భేదాన్నో అనుసరించి ఒకవైపు మొగ్గే కణాలపై పరిశోధన జరుగుతున్న మాట నిజమే. అది వాలు ఉన్న వైపు నీరు పారడం వంటి స్పందన. అందులో పోల్చి చూసే జ్ఞాపకం లేదు. అటువంటి కణాల విషయంలో ‘మొగ్గింది’ అనడం న్యాయం.

4. మూడు ప్రయోగాల పఠనం

4.1 జీర్ణాశయం (2017): కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలో జోసెఫ్ వాంగ్, లియాంగ్‌ఫాంగ్ జాంగ్ బృందాలు ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగం, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌కు జీవించి ఉన్న జంతువులో సూక్ష్మమోటార్లతో చేసిన తొలి చికిత్సాయత్నాల్లో ఒకటి. సుమారు 20 మైక్రోమీటర్ల మెగ్నీషియం గోళాలపై క్లారిత్రోమైసిన్ మందు, దానిపై కైటోసాన్ పూత వేశారు. హెలికోబాక్టర్ పైలోరీ సోకిన ఎలుకలకు ఐదు రోజులు వాటిని ఇచ్చారు. జఠరరసంలోని ఆమ్లంతో మెగ్నీషియం చర్య జరిపి హైడ్రోజన్ బుడగలను విడుదల చేస్తుంది. ఆ బుడగలే కణాన్ని నెడతాయి. అదే చర్యలో ఆమ్లం తాత్కాలికంగా తగ్గుతుంది. క్లారిత్రోమైసిన్ ఆమ్లంలో చెడిపోయే మందు గనుక మామూలు చికిత్సలో ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కూడా ఇస్తారు. ఇక్కడ దాని అవసరం తప్పింది. కదలని వాహకాల కంటే కదిలే వాహకాలు బ్యాక్టీరియాను గణనీయంగా తగ్గించాయి.

ఈ ఫలితం విలువైనదే. అయితే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. కణం కదిలి జిగురుపొరలోకి చేరడం ఒకటి. ఆమ్లం తగ్గి మందు చెడకుండా ఉండటం మరొకటి. ఇంధనదహనమే ఆమ్లశమనం కూడా అయినప్పుడు ఈ రెండింటి వాటాలను విడదీయడం తేలిక కాదు. ‘మోటారు వల్ల నయమైంది’ అన్న సారాంశవాక్యం ఈ చిక్కును దాటవేస్తుంది. గమనార్హమైన మరో సంగతి ఉంది. హెలికోబాక్టర్ కూడా ఆమ్లాన్ని తగ్గించుకొనే జీర్ణాశయంలో బతుకుతుంది. యూరియేజ్ ఎంజైముతో అమ్మోనియా పుట్టించి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని అణచి, జిగురుపొరను పలచన చేసుకొని అది లోపలికి పోతుంది. మనం ‘శత్రువు’ అంటున్న జీవి ఉపాయమే మన పరికరంలోనూ కనిపిస్తుంది.

4.2 ఊపిరితిత్తులు (2022): అదే విశ్వవిద్యాలయ బృందం ‘నేచర్ మెటీరియల్స్’లో ప్రకటించిన ప్రయోగంలో క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలానికి సిప్రోఫ్లోక్సాసిన్ నింపిన నానోకణాలను అతికించారు. ఆ నానోకణాలకు న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల పొర తొడిగారు. సూడోమోనాస్ బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా సోకిన ఎలుకల శ్వాసనాళంలోకి వాటిని పంపితే, చికిత్స అందినవన్నీ 30 రోజులు దాటి బతికాయి. చికిత్స లేనివి మూడు రోజుల్లో చనిపోయాయి.

ఈ ప్రయోగంతో పాటు ప్రచారంలోకి వచ్చిన సంఖ్య ఒకటుంది. ఎలుకకు శైవలాల ద్వారా అందిన మందు 500 నానోగ్రాములు. సిరలోకి ఎక్కిస్తే అదే ఫలితానికి 1.644 మిల్లీగ్రాములు కావలసివచ్చింది. అంటే మూడువేల రెట్లకు పైగా తేడా. ఈ సంఖ్యను ‘చలనం సాధించిన విజయం’గా చదవడం పొరపాటు. ఒకవైపు మందును నేరుగా ఊపిరితిత్తుల్లో పెట్టారు. మరోవైపు రక్తం ద్వారా శరీరమంతా తిప్పారు. రెండు మార్గాల మధ్య తేడా కూడా ఆ మూడువేల రెట్లలో ఉంది. చలనం వాటా తెలియాలంటే, అదే మార్గంలో కదిలే శైవలాన్నీ కదలని శైవలాన్నీ పోల్చాలి. పాఠకుడికి చేరవలసిన సంఖ్య ఆ పోలికలోది. రెండు అంకెల మధ్య దూరం ఎంత పెద్దదైతే ప్రచారానికి అంత అనుకూలం కావచ్చు. జ్ఞానానికి మాత్రం పోలిక ఎంత దగ్గరిదైతే అంత ఉపయోగం.

4.3 గాయం (2022): బార్సిలోనాలో శామ్యూల్ సాంచెజ్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెసార్ దె లా ఫ్యూఎంతె బృందాలు కలిసి ‘ఏసీఎస్ నానో’లో ప్రచురించిన ప్రయోగం పై రెండు సందేహాలకూ పద్ధతి చూపుతుంది. సిలికా కణాలపై యూరియేజ్ ఎంజైమునూ, బ్యాక్టీరియా పొరను దెబ్బతీసే పెప్టైడ్‌నూ అమర్చారు. యూరియేజ్ యూరియాను విడగొట్టినప్పుడు కణం కదులుతుంది. ఎలుక చర్మంపై అసినెటోబాక్టర్ సోకిన గాయానికి ఒక కొసన మాత్రమే ఈ కణాలను ఉంచారు. ఇంధనం అందినప్పుడు ప్రభావం గాయం పొడవునా కనిపించింది. ఇంధనం లేనప్పుడు పెట్టిన చోటుకే పరిమితమైంది. మందు అదే, కణం అదే, మార్గం అదే. మారినది చలనం ఒక్కటే. ‘కదలడం వల్ల’ అన్న మాటను ఈ ప్రయోగం సంపాదించుకుంది.

విచిత్రమేమంటే ఈ పత్రం శీర్షికలోనే ‘స్వతంత్ర చికిత్స’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. సంగ్రహంలో ‘రోబోలు’, ‘నావికత్వం’ అన్న భావాలు వస్తాయి. ప్రయోగం నిరూపించినది వ్యాపించడం. కణాలు గాయం పొడవునా పరుచుకున్నాయి. బ్యాక్టీరియా ఉన్న చోటును ఎంచుకొని పోయాయనడానికి అందులో ఆధారం లేదు. చేసిన పని గొప్పది. దానికి పెట్టిన పేరు మరో పనిది.

5. ఇంధనమే మందైనప్పుడు

తొలినాటి ప్లాటినం మోటార్లకు పెరాక్సైడ్ ఇంధనం. అదే 3 శాతం పెరాక్సైడ్‌ను మనం గాయాలు కడగడానికి వాడతాం. అది స్వయంగా బ్యాక్టీరియానాశకం. అటువంటి ద్రావణంలో మోటారు తిరిగి, బ్యాక్టీరియా చనిపోతే, చంపినది ఏది? మోటారు లేని పెరాక్సైడ్, పెరాక్సైడ్ లేని మోటారు, కదలికను ఆపిన మోటారు అన్న మూడు పోలికలు లేనిదే ఈ ప్రశ్నకు సమాధానం రాదు. ఐరన్ ఆక్సైడ్ ప్రయోగంలో లాగా పెరాక్సైడ్‌నే ఆయుధంగా ప్రకటించినప్పుడు అస్పష్టత లేదు. దానిని ‘కేవలం ఇంధనం’గా పేర్కొన్నప్పుడే విమర్శకుడు ఆగి చదవాలి.

దీనికన్నా మౌలికమైన భేదం మరొకటి ఉంది: చేర్చడం వేరు, చంపడం వేరు. పై ప్రయోగాల్లో మొదటి రెండూ మోసుకెళ్ళినవి క్లారిత్రోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్. రెండూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న మందులు; రెండింటికీ నిరోధకత పెంచుకున్న బ్యాక్టీరియా లోకంలో ఉన్నాయి. మోటారు మందును బాగా చేర్చగలదు. ఒకచోట మందు సాంద్రతను పెంచి కొంత మేలు చేయగలదు. జన్యుస్థాయిలో వచ్చిన నిరోధకతను మాత్రం చలనం తొలగించలేదు. వేడి, స్వేచ్ఛారాడికల్స్, పెప్టైడ్‌లు వంటి వేరే విధానాలతో చంపే పరికరాల సంగతి వేరు. ఈ రెండు వర్గాలనూ ‘నిరోధకతకు జవాబు’ అన్న ఒకే శీర్షిక కిందకు తేవడం తార్కికంగా నిలవదు.

6. పేర్ల విమర్శ

‘రోబో’ అన్న మాట కారెల్ చాపెక్ 1920లో రాసిన చెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’తో లోకానికి వచ్చింది. దానిని సూచించినవాడు ఆయన సోదరుడు జోసెఫ్. మూలపదం ‘రోబొత’కు భూస్వామికి బలవంతంగా చేసే చాకిరీ అని అర్థం, మన వెట్టిచాకిరీకి సరిగ్గా సమానమైన మాట. ఈ మూలార్థం పై పరికరాలన్నింటిలో ఒక్కదానికే అక్షరాలా సరిపోతుంది: మందు మోస్తున్న శైవలానికి. మిగిలినవాటికి ‘రోబో’ అనడంలో, పరిసరాన్ని గ్రహించి నిర్ణయించే యంత్రమన్న నేటి అర్థం తోడవుతుంది. ఆ అర్థానికి అవి ఇంకా అర్హత పొందలేదు.

‘స్వయంప్రతిపత్తి’ అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వడమంటే తమ పాఠ్యప్రణాళికను, పరీక్షలను తామే నిర్ణయించుకొనే అధికారం ఇవ్వడమని అధ్యాపకులందరికీ తెలుసు. స్వయంగా కదిలే కణానికి ఈ మాట వాడితే, లేని నిర్ణయాధికారాన్ని దానికి కట్టబెట్టినట్లవుతుంది. ‘స్వయంచాలక’ అన్న మాట మనిషి ప్రమేయం లేకుండా పనిచేసే యంత్రాలన్నింటికీ ఇప్పటికే స్థిరపడింది. కాబట్టి ‘స్వయంచలన’ అన్నదే ఇక్కడ భావానికి దగ్గరగా ఉంటుంది.

నామవాచకానికి సంస్కృతసమాసం వెతకనవసరం లేదు. ‘మోటారు’ తెలుగు మాటే అయింది. బోరుబావి దగ్గర రైతు మోటారు వేస్తాడు. నీరు పైకి వస్తుంది. మోటారు నీటిని వెతికిందని ఏ రైతూ అనడు. బోరు ఎక్కడ వేయాలో తేల్చినది మనిషే. ఈ స్పష్టత ఆ మాటలో ఉంది గనుక ‘సూక్ష్మమోటారు’ అన్న పేరును ఈ వ్యాసం సమర్థిస్తుంది. శక్తిమూలాన్ని బట్టి ‘స్వయంచలన సూక్ష్మమోటారు’, ‘బాహ్యచాలిత సూక్ష్మమోటారు’, ‘జీవచాలిత వాహకం’ అని మూడు తెగలకు మూడు పేర్లు పెట్టవచ్చు.

యుద్ధరూపకం ఇంతకన్నా లోతైనది. రోగాన్ని దండయాత్రగా, చికిత్సను యుద్ధంగా చెప్పే అలవాటును సూసన్ సోంటాగ్ 1978లోనే విమర్శించింది. తెలుగులో ఆ రూపకం పదంలోనే ఉంది. బ్యాక్టీరియాను ‘సూక్ష్మక్రిమి’ అన్నప్పుడు చంపదగిన పురుగన్న భావం ముందే వచ్చేస్తుంది; ‘క్రిమిసంహారకం’ దాని సహజమైన కొనసాగింపు. ‘సూక్ష్మజీవి’ అన్న మాటకు ఆ పక్షపాతం లేదు. ఒక మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వెలువడిన లెక్క. వాటిలో అత్యధికం హాని చేయవు. ఎన్నో మేలు చేస్తాయి. వేడికీ, స్వేచ్ఛారాడికల్స్‌కూ మంచి చెడుల విచక్షణ లేదు. ‘హానికర బ్యాక్టీరియాను మాత్రమే ఏరి చంపే సైనికుడు’ అన్న వర్ణన ఈ సమస్యను పరిష్కరించకుండానే పరిష్కరించినట్లు చూపిస్తుంది.

7. యుద్ధరూపకం దాచేది

యుద్ధంలో శత్రువు బయటినుంచి వస్తాడు. నిరోధకత అలా రాలేదు. శైవలం మోసిన సిప్రోఫ్లోక్సాసిన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఆ మందు ప్రపంచానికి సరఫరా అయ్యే కేంద్రాలలో హైదరాబాదు పరిసరాలు ముఖ్యమైనవి. ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలను స్వీకరించే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. శుద్ధిచేసిన తరువాతి నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించింది. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠస్థాయి కంటే అది ఎక్కువ.

ఈ అంకెను శాన్ డియాగో ప్రయోగంలోని అంకె పక్కన పెట్టి చూడాలి. ఎలుకను బతికించిన మోతాదు 500 నానోగ్రాములు. ఆ లెక్కన, నాటి పటాన్‌చెరు వ్యర్థజలంలో ఒక్క లీటరులో 62,000 ఎలుకల మోతాదు ఉంది. ఒకచోట అదే అణువును నానోగ్రాముల లెక్కన పొదుపుగా, అతిజాగ్రత్తగా గమ్యం చేర్చే విద్యను మెచ్చుకుంటున్నాం. మరోచోట అది మిల్లీగ్రాముల లెక్కన వాగుల్లోకి పోయి, దారిలోని ప్రతి బ్యాక్టీరియాకూ నిరోధకతలో శిక్షణ ఇచ్చింది. రోబోసైనికుడి కథలో ఈ రెండో దృశ్యానికి చోటు లేదు. శత్రువు, ఆయుధం, విజయం అన్న మూడు పాత్రలతో నడిచే కథ, ఆ శత్రువును ఎవరు పెంచారన్న ప్రశ్నను వేయనివ్వదు.

ఇందుకు సూక్ష్మమోటార్లను తయారుచేసేవారిని తప్పుపట్టడం అన్యాయం. వ్యర్థజలాల శుద్ధికి కూడా ఈ మోటార్లనే వాడవచ్చన్న పరిశోధన ఆ రంగంలోనే జరుగుతోంది. వెండి నానోకణాలు పూసిన మెగ్నీషియం మోటార్లతో నీటిలోని ఈ. కోలైను తగ్గించవచ్చని 2017లో చూపినది సాంచెజ్ బృందమే. తప్పు పరికరంలో లేదు. ఒక పరికరాన్ని ఒక సామాజిక సమస్యకు పూర్తి జవాబుగా నిలిపే కథనంలో ఉంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. సూక్ష్మమోటార్ల చలనం నిజం. మందును చేర్చడంలో దానికి ప్రయోజనం ఉందని ఎలుకలలోనైనా నమ్మదగిన ఆధారముంది. అన్వేషణ, నిర్ణయం, శత్రుమిత్ర వివేకం అన్నవి ఇక్కడ చూసిన ప్రయోగాలు నిరూపించినవి కావు. మాటల ద్వారా చేరినవి. చంపే పని తరచుగా పాత మందుదే. కాబట్టి నిరోధకతకు ఇవి జవాబా కాదా అన్నది, మోటారు దేన్ని మోస్తోందన్న దానిపై ఆధారపడుతుంది.

ఈ విషయాన్ని తెలుగులో బోధించేవారు, రాసేవారు ప్రతి వార్తకూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. కణం కదిలిందా, కదిలించారా? కదలని కణంతో, అదే మార్గంలో పోల్చారా? చంపినది చలనమా, ఇంధనమా, మందా? ప్రయోగం గాజుపళ్ళెంలో జరిగిందా, ఎలుకలోనా, మనిషిలోనా? నాలుగు సమాధానాలూ దొరికాక ఏ క్రియాపదం వాడాలో తేలికగానే తెలుస్తుంది.

పరిభాష విషయంలో ఆలస్యం చేసిన ప్రతిసారీ పత్రికల తొందర మనకు పేర్లు పెట్టింది. ఒకసారి ‘నానోసైనికుడు’ వంటి మాట పాఠ్యపుస్తకంలోకి ఎక్కితే, దాన్ని దించడం బ్యాక్టీరియాలో నిరోధకతను దించడమంత కష్టం. ఆ మాట నమ్మి చికిత్సకోసం ఎదురుచూసే రోగి ఒకవైపు ఉన్నాడు. ఆ మాట చాటున మరుగునపడే వాగునీరు మరోవైపు ఉంది. పదాల ఎంపికలో విజ్ఞానరచయితకు ఈ రెండింటి పట్లా బాధ్యత ఉంది.